తెర ఉన్న బటన్లు: మా బాయిల్డ్ మిల్లులో కొన్ని సీజన్ల వాడకం తర్వాత

మా రైస్ మిల్లులో మోటార్లనూ వాల్వులనూ నడిపే ప్యానెల్ మీద, పేరు చూపే చిన్న తెర ఒక్కోదానిలోనే ఉండే బటన్లు పెట్టుకున్నాం. వాటిలో నాకు అన్నింటికన్నా నచ్చిన బటన్ కుడి చివర ఉంటుంది. రాత్రి షిఫ్టు ఎక్కగానే దాన్ని ఒక్కసారి నొక్కితే వరుసలోని బటన్లన్నింటి మీదా తెలుగు పోయి హిందీ వస్తుంది. పగలు ప్యానెల్ చూసుకునే ఆపరేటర్ ఈ చుట్టుపక్కల ఊరివాడే, రాత్రి ఆపరేటర్ బీహార్ నుంచి వచ్చినవాడు. ఇంతకుముందు బటన్ల కింద అంటించిన స్టిక్కర్లు తవుడు దుమ్ముకు, చేతి చెమటకు ఒక్క సీజన్‌లోనే చెరిగిపోయేవి, ఆపైన ఎవరికి వారు స్కెచ్ పెన్నుతో తమకు తెలిసిన లిపిలో రాసుకునేవారు. ఆ గొడవ పూర్తిగా తీరిపోయింది కనుక ఈ బటన్ల మీద నాకు కొంత పక్షపాతం ఉందన్న సంగతిని చదివేవారు మనసులో ఉంచుకోవాలి.

నర్సంపేట రోడ్డు వైపున్న మా మిల్లులో రెండు రకాల పనీ నడుస్తుంది. యాసంగి వడ్లు ఎండలు ముదిరాక కోతకు వస్తాయి కాబట్టి గింజలో పగుళ్లు పడి, పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువవుతాయి. అందుకని వాటిని నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రైయర్‌లో ఆరబెట్టిన తర్వాతే ఆడిస్తాం. వానాకాలం వడ్లను చాలావరకు పచ్చి బియ్యంగానే ఆడిస్తాం. పాత ప్యానెల్‌లో ఈ రెండు పనులకూ వేర్వేరు వరుసలు ఉండేవి, ఏ సీజన్ వచ్చినా సగం బటన్లు ఊరికే పడి ఉండేవి. ఇప్పుడు ఒకే వరుస ఉంది. బాయిల్డ్ పనిలో ‘నీళ్లు’, ‘ఆవిరి’, ‘డ్రైయర్’ అని కనిపించే బటన్లే పచ్చి బియ్యం నాడు ‘షెల్లర్’, ‘పాలిషర్’, ‘గ్రేడర్’ అవుతాయి.

ఎంపిక దగ్గర మేము ఎక్కువగా తర్జనభర్జన పడింది తెలుగు అక్షరాల గురించే. 36 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉన్న చిన్న తెరల్లో ఆంగ్లం చక్కగానే కనిపిస్తుంది కానీ, ‘డ్రైయర్’ అని రాయాలంటే పైన గుణింతానికి, కింద వత్తుకు చోటు కావాలి కనుక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా తయారవుతాయి. 64 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు ఉన్న ఎల్‌సీడీ రకంలో ఒక్క పదం హాయిగా ఇమిడింది. ప్యానెల్‌లోని చిన్న చిప్పుకు వత్తులూ గుణింతాలూ కూర్చడం చేతకాదు కాబట్టి, ప్రతి పదాన్నీ ముందే కంప్యూటర్‌లో బొమ్మగా గీసి ఎక్కించాం. నలుపు తెలుపు బొమ్మ ఒక్కోటి 256 బైట్లే, కాబట్టి రెండు భాషల్లో, రెండు రకాల పనులకూ కలిపి ఎక్కించినా చోటు చాలా మిగిలింది. వెనుక దీపం రంగు కూడా మారుతుంది కనుక, నడుస్తున్న మోటారు ఆకుపచ్చగా, ఆగినది పసుపుగా గేటు దగ్గర నిలబడినా తెలుస్తుంది. వీడియో స్టూడియోలవాళ్లు వాడే స్ట్రీమ్ డెక్ అనే బటన్ల పెట్టె పెడదామని ఒకరు సలహా ఇచ్చారు. దానిలో పారదర్శకమైన బటన్లన్నింటి కింద ఒకే తెర ఉంటుంది, చూడటానికి బాగుంటుంది, కానీ దానికి ఎప్పుడూ ఒక కంప్యూటర్ తోడుండాలి. ఊక ఎగిరే చోట కంప్యూటర్‌ను కాపాడుకోవడం వేరే ఉద్యోగం అవుతుందని వద్దనుకున్నాం.

ఇక చెప్పవలసిన అసలు సంగతికి వస్తాను. యాసంగి పని మంచి ఊపు మీదున్న రోజుల్లో ఒక అర్ధరాత్రి బాయిలర్ దగ్గరి పెద్దాయన ఫోన్ చేసి, “సార్, బటన్లన్నీ తెల్లగయినయ్, ఏది ఏందో తెలుస్తలేదు” అన్నాడు. పెద్ద మోటారు ఒకటి ఎత్తుకునేటప్పుడు వోల్టేజి ఒక్క క్షణం పడిపోయి లేచింది. పీఎల్‌సీకి, అంటే బటన్ల నుంచి సంకేతం అందుకుని ప్రోగ్రాం ప్రకారం మోటార్లను, వాల్వులను నడిపే కంట్రోలర్‌కు, 24 వోల్టులు ఇచ్చే సప్లై ఆ దెబ్బను తట్టుకుంది కానీ, తెరలకు కరెంటు ఇచ్చే చిన్న సప్లై తట్టుకోలేదు. తెరలు మళ్లీ వెలిగేసరికి వాటిలోని బొమ్మలు చెరిగిపోయాయి. ప్యానెల్ కట్టి ఇచ్చిన వర్క్‌షాప్‌వారు, పని మారినప్పుడో భాష మారినప్పుడో మాత్రమే తెరకు బొమ్మ పంపేలా ప్రోగ్రాం రాశారు కనుక, ఎవరూ ఏదీ మార్చని ఆ రాత్రి తెరలు ఖాళీగానే ఉండిపోయాయి.

నేను వెళ్లి, వాల్వులకు వెళ్లే ఔట్‌పుట్లను విడదీసి, ఖాళీ బటన్ ఒకటి నొక్కి చూశాను. పీఎల్‌సీ ఇన్‌పుట్ కార్డు మీద మిరియపు గింజంత పచ్చ దీపం టక్కున వెలిగింది. తెర చచ్చిపోయినా బటన్ బతికే ఉందన్నమాట. ఈ బటన్లలో తెరకూ స్విచ్చు కాంటాక్టుకూ సంబంధం లేదు, రెండింటి పిన్నులూ వేరు, తీగలూ వేరు. మామూలు రోజుల్లో అది మంచి గుణమే, ఎందుకంటే తెర పాడైనా పని ఆగదు. కానీ ఒకే బటన్‌కు రెండు మూడు పేర్లున్న ప్యానెల్‌లో, పేరు కనిపించని బటన్ పనిచేయడం కంటే పనిచేయకపోవడమే మేలు. ఆ సమయానికి ఒక ట్యాంకులో వడ్లు ఆవిరి మీద ఉన్నాయి. ఆవిరి ఎక్కువసేపు పడితే గింజ పగిలి మెత్తబడుతుంది, రంగు మారుతుంది. మా రాత్రి ఆపరేటర్ బటన్ల జోలికి వెళ్లకుండా నేరుగా కిందికి దిగి చేతి వాల్వు తిప్పి కట్టేశాడు కనుక ఆ ట్యాంకు దక్కింది.

వర్క్‌షాప్‌వారికి ఫోన్ చేస్తే ప్యానెల్ మొత్తం ఆపి మళ్లీ వేయమన్నారు. అలా చేస్తే నిండా వడ్లున్న డ్రైయర్ కూడా ఆగుతుందని ఎంత చెప్పినా వారికి అర్థం కాలేదు. ఆఖరికి మాకు తెలిసిన ఒక కుర్రవాడితో ప్రోగ్రాం మార్పించాం. ఇప్పుడు ఏ మార్పూ లేకున్నా ప్రతి సెకనుకూ అన్ని తెరలకూ బొమ్మ మళ్లీ వెళుతుంది. తెరలు నడిపే బోర్డు నుంచి పీఎల్‌సీకి క్రమం తప్పకుండా ఒక సంకేతం అందుతుంటుంది, అది ఆగిన క్షణం నుంచి ఆ వరుసలో ఏ బటన్ నొక్కినా పీఎల్‌సీ పట్టించుకోదు. తెరల సప్లైని కూడా పెద్దది చేయించాం. ఆ తర్వాత వోల్టేజి చాలాసార్లు ఊగింది కానీ, ఖాళీ తెర మళ్లీ కనబడలేదు. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం మొదటి నుంచీ పసుపు పలక మీద ఎర్రటి పుట్టగొడుగు బటనే, దాని తీగలు నేరుగా మోటార్లకు కరెంటు కలిపే, తెంపే పెద్ద స్విచ్చులైన కాంటాక్టర్లకే వెళతాయి. ఎమర్జెన్సీ స్టాప్‌ల గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 13850 కూడా ఆ ఎరుపు, ఆ పసుపే ఉండాలంటుంది. అక్కడ తెర పెట్టుకుందామని ఎవరైనా అంటే వినవద్దు.

వెనుక దీపం లేకుండా ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెరల గురించి నేను తోటి మిల్లువాళ్లతో మొదట్లో చాలా గొప్పగా చెప్పాను. ఆ మాటలను కొంత తగ్గించుకోవలసి ఉంది. డ్రైయర్ వేడి చూపే చోట అలాంటివి రెండు పెట్టాం. ఏ పక్క నుంచి చూసినా అంకెలు ముత్యాల్లా కనిపించేవి. అంకెలు మారుతూ ఉంటాయి కనుక అవి ఇప్పటికీ బాగానే ఉన్నాయి కానీ, వాటి పక్కన ఎప్పుడూ కదలకుండా ఉండే డిగ్రీ సున్నా మాత్రం తెరలో అచ్చు పడిపోయింది. తెర మీద వేరే బొమ్మ వేసినా ఆ సున్నా నీడలా కనిపిస్తూనే ఉంటుంది. మారని పేర్లకు ఎల్‌సీడీయే నయం. దానికీ వేడి పడదు. మే నెల మధ్యాహ్నాల్లో డ్రైయర్ పక్కన ఎల్‌సీడీ నల్లబడి, అక్షరానికీ వెనుక భాగానికీ తేడా తెలియకుండా పోయేది. ప్యానెల్‌ను గోడ అవతలికి జరిపి, వేడిని బట్టి కాంట్రాస్టు తగ్గే ఏర్పాటు చేశాక కుదుటపడింది.

ఇవి కొనాలా వద్దా అన్నది మిల్లును బట్టి ఉంటుంది. ఒక్కో బటన్ ఖరీదుకు మామూలు బటన్లు డబ్బా నిండా వస్తాయి. పచ్చి బియ్యం ఒక్కటే ఆడించే మిల్లుకు, ఏళ్లుగా ఒకే ఆపరేటర్ ఉన్న మిల్లుకు వీటి అవసరం నాకు కనిపించడం లేదు. మాకు రెండు పనులు, రెండు భాషలు ఉన్నాయి కనుక గిట్టుబాటయింది, అదీ ప్రోగ్రాం రాయగల మనిషి చేతికందే దూరంలో దొరికాడు కాబట్టే. కొనదలచినవారు డబ్బు కట్టే ముందు వర్క్‌షాప్‌లోనే తెరల సప్లై తీగ ఒక్కటి పీకి, మళ్లీ తగిలించమనాలి. బొమ్మలు వాటంతట అవే తిరిగి వచ్చాయా, రాని ఆ కాసేపట్లో బటన్ నొక్కితే మోటారు తిరిగిందా అన్నది దగ్గరుండి చూసుకోవాలి.