జాగ్రత్త: ఎడారి బల్లికి రెండడుగుల తొట్టి చాలని చెప్పే దుకాణదారును నమ్మకండి

హన్మకొండలో పెంపుడు బల్లులు కొన్నవారికి నేను ఏ దుకాణం గురించి రాస్తున్నానో వేరే చెప్పనక్కరలేదు కనుక పేరు రాయడం లేదు. మొన్న మంగళవారం మధ్యాహ్నం మా బియర్డెడ్ డ్రాగన్ అనే ఎడారి బల్లి చనిపోయింది. గత సెప్టెంబరులో జానెడు కూడా లేని పిల్లను కొన్నప్పుడు, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న అక్వేరియం తొట్టినీ, గాజు మూతనీ, బల్బునీ ఆరున్నర వేలకు అంటగట్టారు.

పెద్దదైతే ఇది సరిపోతుందా అని ఆ రోజే అడిగాను. "తొట్టి ఎంతుంటే గంతనే పెరుగుతది అన్నా, ఫికర్ జెయ్యకు" అన్నాడు దుకాణదారు. అడిగి కూడా ఆ ఒక్క మాటతో ఊరుకోవడం నా తప్పు. ఏప్రిల్ నాటికి అది 16 అంగుళాలకు పెరిగింది. 12 అంగుళాల వెడల్పులో వెనక్కి తిరగాలంటే తోకను అద్దానికి ఆనించి వంచుకునేది. అది చూస్తూ కూడా నేను తొట్టి మార్చలేదు.

చనిపోయిన సాయంత్రం ఖాళీ తొట్టిలో బల్బు వేసి, రెండు చివరలా థర్మామీటరు పెట్టి చూశాను. బల్బు కింద 47 డిగ్రీలు, అవతలి చివర 42. ఆస్ట్రేలియా నడిమి పొడి నేలల్లో పుట్టిన జీవి కాబట్టి ఎంత వేడినైనా ఓర్చుకుంటుందని అనుకుంటాము; కానీ అక్కడ అది ఎండ కాచుకుని, ఒళ్లు వేడెక్కగానే నీడకో బొరియకో పోతుంది. పెట్టెలోనూ ఒక చివర 40 దాకా ఉంటే రెండో చివర 28కి మించకూడదు. మే నెలలో మన ఇళ్ల గదులే 36 దాటుతుండగా, రోజుకు పన్నెండు గంటలు బల్బు వేయమని అతను చెప్పినట్టే వేసిన ఆ తొట్టిలో దానికి పోవడానికి చోటే లేదు. నోరు తెరిచి కూర్చుంటే ఎండ కాచుకుంటోందనుకున్నాను, బల్బుకు దూరంగా చివరి మూలలో కూర్చుని కూడా ఎందుకు తెరుస్తోందని ఆలోచించలేదు.

మరునాడు తొట్టి తీసుకుని దుకాణానికి వెళ్లాను. ఆ రెండు అంకెలూ చెప్పి, డబ్బు సంగతి తరువాత, ఇంకెవరికీ ఈ తొట్టిని ఈ బల్లికని అమ్మవద్దని అడిగాను. అతను ఫోను నుంచి తల ఎత్తకుండా, "బల్లే గదన్నా, ఎండకాలం జర గిట్లనే ఉంటది. ఇంకోటి తీస్కపో, వెయ్యి తక్కువ జేస్తా" అన్నాడు. నా పక్కన తొమ్మిదేళ్ల మా అమ్మాయి నిలబడి ఉంది. ఆ తొట్టిని పొద్దున తనే తుడిచి ఇచ్చింది. మేము మెట్లు దిగకముందే అదే కొలత తొట్టిని మరొక కుర్రవాడికి చూపిస్తూ అవే మాటలు చెప్పడం మొదలుపెట్టాడు.

ఎదిగిన బియర్డెడ్ డ్రాగన్ తోకతో కలిపి రెండడుగుల దాకా ఉంటుంది కనుక కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టె కావాలి, పైన గాజు కాక జాలీ మూత ఉండాలి. గాజు యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలను ఆపేస్తుంది, అవి అందకపోతే ఎముకలు మెత్తబడతాయి. అంత పెట్టెకు ఇంట్లో చోటు లేకపోతే దీనిని కొనకండి. కొంటే బిల్లు రాయించుకోండి; నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.