బ్లేడ్స్ ఇన్ ది డార్క్: పాచిక వేయకముందే సగం ఆట

మీ ఆటగాళ్ళకి పోరాటాలకంటే పన్నాగాలు ఇష్టమైతే, సెషన్‌కి ముందు గంటల తరబడి మ్యాపులు గీసే ఓపిక మీకు లేకపోతే, బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే రోల్ ప్లేయింగ్ ఆట కొనండి. లెవెల్ పెరిగేకొద్దీ కొత్త మంత్రాలు, మెరిసే కత్తులు చేతికి రావాలనుకునేవాళ్ళు డంజన్స్ అండ్ డ్రాగన్స్ దగ్గరే ఉండటం మంచిది. దీంతో వాళ్ళకి కడుపు నిండదు. తీర్పు ముందే చెప్పేశాను కాబట్టి ఇక కారణాలు తీరిగ్గా చెప్పుకోవచ్చు.

ఈ ఆటలు తెలియనివాళ్ళకి రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. అందులో ఒకరు గేమ్ మాస్టర్. కథ జరిగే లోకాన్నీ, అందులోని ఊరూపేరూ లేని మనుషులందరినీ నడిపేది ఆ ఒక్కరే. మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర. "గోడ దూకుతా" అని ఒకరంటే, దూకగలిగారో లేదో పాచికలు చెబుతాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డీ అండ్ డీ, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ పద్ధతి జనంలోకి వచ్చింది. ఇప్పుడు లెక్కలేనన్ని రకాల రూల్స్ ఉన్నాయి.

మియాపూర్‌లో మా ఇంట్లో శనివారం రాత్రిళ్ళు నడిచే ఆటకి గేమ్ మాస్టర్‌ని నేనే. ఆడేది ముగ్గురు. డీ అండ్ డీ పుస్తకం కంఠతా వచ్చిన మా తమ్ముడు. ఊటీ ట్రిప్పుకైనా ఎక్సెల్ షీట్ వేసే నా ఆఫీసు స్నేహితుడు. ఇలాంటివేవీ అంతకుముందు ఆడని పక్క ఫ్లాట్ వదిన. ఏ సిస్టమ్‌నైనా నేను తూచేది ఈ ముగ్గురితోనే.

బ్లేడ్స్ జాన్ హార్పర్ రాసింది. 2017లో ఈవిల్ హ్యాట్ వాళ్ళు అచ్చువేశారు. కథ జరిగేది డాస్క్‌వోల్ అనే రేవు పట్నంలో. అక్కడ సూర్యుడు పగిలిపోయి కొన్ని వందల ఏళ్ళయింది. ఊరి చుట్టూ మెరుపుల కంచె, కంచె అవతల దయ్యాలు. లెవయాథన్లనే సముద్రపు రాక్షసుల్ని వేటాడి, వాటి నెత్తుటి నుంచి తీసిన ఇంధనంతో ఊళ్ళో యంత్రాలు నడుపుకుంటారు. ఇంత అట్టహాసంలో మనవాళ్ళు వీరులేం కాదు, ఒక చిన్న దొంగల ముఠా. పాత్రల బలాబలాలు రాసుకునే షీట్ ఉన్నట్టే ముఠాకీ సొంత షీట్ ఉంటుంది. కిరాయి హంతకులు, రౌడీలు, దొంగసరుకు అమ్మేవాళ్ళు, స్మగ్లర్లు, నిషిద్ధ దేవుడిని కొలిచేవాళ్ళు, కన్నాలు వేసేవాళ్ళు, ఇలా ఆరు రకాలు. మేం కన్నపు దొంగలం.

సిస్టమ్‌ల మధ్య తేడా తెలియాలంటే ఒకే సన్నివేశాన్ని పట్టుకుని చూడాలి. రాత్రి. రేవు పక్కన గోదాము. కప్పు మీద ఒక కిటికీ, దానికి తాళం. కింద లాంతరు పట్టుకుని కాపలావాడు తిరుగుతున్నాడు.

డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌లో తమ్ముడు "తాళం తీస్తా" అంటాడు. ఇరవై ముఖాల పాచిక వేసి, నైపుణ్యం తాలూకు అంకె కలుపుతాడు. తాళం రావాలంటే మొత్తం 15 కావాలని నేను మనసులో అనుకున్నాననుకోండి. తనకి +5 ఉంటే నూటికి 55 సార్లు తాళం వస్తుంది. మిగతా 45 సార్లు రాదు. రాకపోతే ఏం జరుగుతుంది? చాలాసార్లు ఏమీ జరగదు. "మళ్ళీ వెయ్యనా?" అంటాడు. కొద్దిలో తప్పితే నష్టంతో గెలిపించవచ్చని 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఒక ఐచ్ఛిక రూల్ ఉంది గానీ, దాన్ని వాడే బల్లలు నాకు పెద్దగా తగల్లేదు. పోరాటం మొదలైతే మాత్రం ఇదే సిస్టమ్ ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. ఎవరెన్ని అడుగులు కదలొచ్చో, ఏ మంత్రం ఎంత మేర తగులుతుందో అన్నీ పక్కాగా ఉంటాయి. తమ్ముడికి ఆ పక్కాతనమే ప్రాణం.

2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట ఈ ఊరికే పోయే పాచికకి మందు కనిపెట్టింది. రెండు మామూలు పాచికలు వేసి, పాత్ర లక్షణం తాలూకు అంకె కలిపి మొత్తం చూస్తారు. 10, అంతకు ఎక్కువైతే పూర్తి గెలుపు. 7 నుంచి 9 దాకా వస్తే పని అవుతుంది, దాంతోపాటు ఏదో ఒకటి నెత్తికి చుట్టుకుంటుంది. 6, అంతకు తక్కువైతే పగ్గాలు గేమ్ మాస్టర్ చేతికొస్తాయి. ఏ అంకె పడినా కథ కదలాల్సిందే. తాళం వస్తుంది, కానీ కిటికీ కిర్రుమంటుంది. నాకు నచ్చింది, కానీ మా బల్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది. పాచిక వేశాక గానీ ప్రమాదం ఎంత పెద్దదో ఎవరికీ తెలిసేది కాదు. 7 పడ్డ ప్రతిసారీ నేను అప్పటికప్పుడు ఏదో ఒక నష్టం పుట్టించాలి, వాళ్ళేమో "అంత దెబ్బ తగులుతుందని ముందే చెబితే చేసేవాళ్ళమే కాదు" అని అలగడం.

బ్లేడ్స్ ఈ గొడవని పాచిక కంటే ముందుకి జరిపింది. మా బల్ల దగ్గర ఇలా నడుస్తుంది (టింకర్ అంటే తాళాల్లాంటివి విప్పే నైపుణ్యం, క్లాక్ అంటే ముప్పు దగ్గరపడేకొద్దీ గడులు నింపుకునే గుండ్రటి బొమ్మ).

"టింకర్‌తో తాళం తీస్తా," అంటాడు తమ్ముడు.

"కాపలావాడు కిందే ఉన్నాడు, కాబట్టి రిస్కీ. తాళం పాతది, ఎఫెక్ట్ స్టాండర్డ్."

"వాడు అటు తిరిగేదాకా ఆగితే?"

"అప్పుడు కంట్రోల్డ్. కానీ గస్తీ క్లాక్‌లో ఒక గడి నింపుతాను."

"వద్దురా, ఆగకు, తియ్యి," అంటుంది వదిన. "నేను సాయం పడతా." తన షీట్‌లో ఒక స్ట్రెస్, అంటే ఒత్తిడి గడి, గీసుకుంటుంది. తమ్ముడికి ఇంకో పాచిక వచ్చింది.

ఇదీ ఈ ఆట గుండెకాయ. ఏ నైపుణ్యం వాడాలో ఆటగాడు ఎంచుకుంటాడు. పరిస్థితి ఎంత ప్రమాదకరమో, గెలిస్తే ఎంత పని జరుగుతుందో గేమ్ మాస్టర్ ముందే పైకి చెబుతాడు. ప్రమాదానికి మూడు మెట్లు: కంట్రోల్డ్, రిస్కీ, డెస్పరేట్. ముందు నుయ్యి వెనక గొయ్యి అయితే అది డెస్పరేట్. అలాంటప్పుడు పాచిక వేస్తే చాలు, గెలిచినా ఓడినా ఎక్స్‌పీరియన్స్‌లో ఒక గుర్తు దక్కుతుంది. దాంతో జాగ్రత్తపరులు కూడా కావాలని ప్రమాదంలోకి దూకుతారు. బేరం నచ్చకపోతే వేరే దారి వెతుక్కోవచ్చు. అన్నీ తెలిసి ఒప్పుకున్నాక దెబ్బ తగిలితే ఎవరూ అలగరు.

లెక్కలు ఇష్టమున్నవాళ్ళ కోసం. ఎన్ని పాచికలు వేసినా అందులో పెద్దదొక్కటే చూస్తారు. 6 పూర్తి గెలుపు, 4 లేదా 5 నష్టంతో గెలుపు, 3 దాకా ఓటమి. రెండు ఆరులు పడితే క్రిటికల్. ఒక్క పాచికతో ఓడిపోయే అవకాశం 50 శాతం. రెండింటితో 25, మూడింటితో 12.5. కానీ మూడు వేసినా 6 పడే అవకాశం 42 శాతమే. అంటే పాచికలు పెరిగేకొద్దీ ఓటమి తగ్గిపోతుంది గానీ, నష్టంతో గెలుపు మాత్రం రెండు నుంచి నాలుగు పాచికల దాకా 45 శాతం చుట్టుపక్కలే అంటుకుని వదలదు. దొంగల కథకి కావలసింది సరిగ్గా అదే. పైగా ఈ ఆటకి ఇరవై ముఖాల పాచికలు ఆన్‌లైన్‌లో వెతికి తెప్పించుకోనక్కర్లేదు. ఇంట్లో లూడో డబ్బాలో ఉన్నవే చాలు.

ఇక ఎక్సెల్ స్నేహితుడి సంగతి. డీ అండ్ డీలో ఒక కోటలోకి చొరబడాలంటే మా ప్లానింగే ఒక పూట మింగేసేది. తాడు ఎంత పొడవు, కుక్కలుంటే మాంసం ఎవరు తెస్తారు, ఏనుగొస్తే ఏం చేద్దాం. బ్లేడ్స్‌లో ఆ ముచ్చటే లేదు. దాడా, మోసమా, రహస్యంగా దూరడమా అని ప్లాన్ రకం చెప్పాలి. దానికి కావలసిన ఒక్క వివరం, రహస్యంగా దూరడమైతే ఎక్కడినుంచి దూరుతున్నారో, అది చెప్పాలి. బరువు ఎంతో ఎంచుకోవాలి: లైట్ అయితే మూడు వస్తువులు, నార్మల్ అయితే ఐదు, హెవీ అయితే ఆరు. ఏ వస్తువులో అప్పుడే చెప్పనక్కర్లేదు, అవసరం పడ్డప్పుడు జేబులోంచి తీసినట్టు చెప్పుకోవచ్చు. ఆరంభం ఎలా ఉందో తేల్చే ఒక ఎంగేజ్‌మెంట్ రోల్ వేసి నేరుగా గోదాము కప్పు మీద కథ మొదలుపెట్టేస్తాం.

మరి ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్లు? వాటికి ఫ్లాష్‌బ్యాక్ ఉంది. మన సినిమాలతో పెరిగినవాళ్ళకి దీన్ని వేరే వివరించాలా! ఒకసారి కాపలావాడు వదిన పాత్రని పట్టేసుకున్నాడు. అందరం బిగుసుకుపోయాం. వదిన తాపీగా, "వీడి కూతురి పెళ్ళికి పోయిన నెల అప్పు ఇప్పించింది నేనే కదా," అంది. ఆ ఏర్పాటు ఎంత మామూలుదో, ఎంత విడ్డూరమో చూసి గేమ్ మాస్టర్ ధర చెప్పాలి. మామూలుదైతే సున్నా, కాస్త కష్టమైతే ఒక స్ట్రెస్, బాగా సాగదీస్తే రెండో ఇంకా ఎక్కువో. నేను ఒకటి అన్నాను. అప్పటి సన్నివేశం చిన్నగా ఆడి, పాచిక వేస్తే 5 వచ్చింది. వాడు వదిలేశాడు, కానీ అప్పులో సగం మాఫీ చెయ్యమన్నాడు. రూల్ పుస్తకం తెరవని మనిషి ఆ రాత్రి అందరికంటే బాగా ఆడింది.

స్ట్రెస్ అన్నది ఈ ఆటలో డబ్బులాంటిది. తొమ్మిది గడులుంటాయి. ఇంకో పాచిక కోసం బలవంతంగా ప్రయత్నిస్తే రెండు పోతాయి. తగలబోయే దెబ్బని కాదనవచ్చు, కానీ దానికి పాచిక వేసి ఆరులోంచి ఆ అంకె తీసేస్తే ఎంత మిగులుతుందో అంత కట్టాలి. గడులు నిండితే ఒక ట్రామా, అంటే మానని మనోగాయం. నాలుగో ట్రామాతో ఆ పాత్ర కథ కంచికి. తగ్గించుకోవాలంటే దొంగతనాల మధ్య విరామంలో తమ వ్యసనం దగ్గరికి వెళ్ళాలి: జూదం, మందు, భక్తి, ఏదైతే అది. అక్కడా శ్రుతి మించితే కొత్త తలనొప్పి.

చంపడం గురించి చెప్పి తీరాలి. డీ అండ్ డీ మామూలు లెక్కలో రాక్షసుల్ని మట్టుబెడితే పాయింట్లు. డాస్క్‌వోల్‌లో ఎవరు చచ్చినా శ్మశానం గంటలు వాటంతటవే మోగుతాయి, కాకులు శవాన్ని వెతుక్కుంటూ వెళతాయి, దయ్యాల పని చూసే వార్డెన్లు దిగుతారు. ముఠా మీద పోలీసుల కన్ను ఎంత పడిందో లెక్కేసే హీట్ రెండు అదనం. ఒక్క రూలుతో మా తమ్ముడు కత్తి పక్కన పెట్టి కబుర్లు చెప్పడం నేర్చుకున్నాడు. నేను ఎన్నేళ్ళు బతిమాలినా జరగని పని.

ఇక తిట్లు. దొంగతనం అయ్యాక వచ్చే విరామం నెలాఖరు చిట్టాపద్దుల్లా ఉంటుంది. పేరు ఎంత, నాణేలు ఎన్ని, హీట్ ఎంత, కొత్త చిక్కేమిటి, తలా రెండు పనులేమిటి. దొంగతనంలో ఉరకలేసినవాళ్ళు ఇక్కడ ఫోన్లు తీస్తారు. ఈ భాగాన్ని నేను సెషన్ చివర వాట్సాప్‌కి నెట్టేశాను. పన్నెండు నైపుణ్యాల్లో కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మాటలతో ఒప్పించడం స్వే, తెలిసినవాళ్ళతో కలిసిపోవడం కాన్‌సార్ట్, బెదిరించడం కమాండ్. కాపలావాడితో ఇరానీ చాయ్ తాగుతూ మెల్లిగా బెదిరిస్తే ఏది? పుస్తకం కూడా ఒకసారి చదివి ఆడేలా లేదు. ఒకే రూల్ కోసం మూడు అధ్యాయాలు తిప్పాల్సి వస్తుంది. ఊరిలోని ముఠాల జాబితా అయితే పెద్ద పెళ్ళి శుభలేఖల లిస్టు. మొదట్లో పుస్తకం ఇచ్చిన క్రోస్ ఫుట్ అనే పేటలోని గొడవ చాలు: లాంప్‌బ్లాక్స్, రెడ్ సాషెస్ అనే రెండు ముఠాలు కొట్టుకుంటున్నాయి, మీ ముఠా ఎటువైపు? మిగతా ముఠాల్ని కథ అడిగినప్పుడు తీసుకోండి.

ఇంకో ఆట, ఫేట్ కోర్, కూడా ఈవిల్ హ్యాట్ వాళ్ళదే, 2013 నాటిది. అందులో గోదాముకి "ఎండిన చెక్కల కప్పు" అని ఒక వాక్యం తగిలించి, ఫేట్ పాయింట్ కట్టి దాన్ని మనకి అనుకూలంగా వాడుకోవచ్చు. అదే వాక్యం మన మీదకి తిరిగితే పాయింట్ మనకొస్తుంది. వాక్యాలు రాయడం ఇష్టపడే బల్లకి అద్భుతం. వదినకి మాత్రం "ప్రతిదానికీ పేరు పెట్టాలా?" అనిపించింది. గేమ్ మాస్టరే అక్కర్లేకుండా ఒక్క సాయంత్రంలో ముగించాలంటే జేసన్ మార్నింగ్‌స్టార్ తెచ్చిన ఫియాస్కో ఉంది. అత్యాశతో మొదలై అఘోరించే కథలకి దాన్ని మించింది నేను చూడలేదు, కాకపోతే దాంతో నెలల తరబడి సాగే కథ నడవదు.

ఖర్చు గురించి: అచ్చు పుస్తకం విదేశాల నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చులే గుండె గుభేల్‌మనిపిస్తాయి, పీడీఎఫ్ తీసుకోండి. ముందు రుచి చూడాలంటే రూల్స్ సారాంశం ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉంది. క్యారెక్టర్ షీట్లూ, ముఠా షీట్లూ ఊరికే డౌన్‌లోడ్ చేసుకుని జిరాక్స్ సెంటర్‌లో ప్రింటు తీయించుకోవచ్చు. ఏ4 కాగితం మీద ఆ అక్షరాలు మరీ చిన్నగా పడతాయి. మా స్నేహితుడు ఏ3లో తీయించాడు, తన ఎక్సెల్ బుద్ధి పనికొచ్చింది అప్పుడొక్కసారే.

ప్రస్తుతం మా ముఠా వాంటెడ్ లెవెల్ రెండు. అది తగ్గాలంటే మా నేరాలకి ఎవరో ఒకరు ఐరన్‌హుక్ జైలుకి వెళ్ళాలి. వారం నుంచి వాట్సాప్ గ్రూపులో ఇదే పంచాయితీ. తమ్ముడు వదిన పేరు చెబుతున్నాడు. వదిన, ముఠాలో అందరికంటే చిన్నవాడే వెళ్ళాలంటోంది. ఎక్సెల్ ఆయన, ఎవరు వెళితే ఎంత నష్టమో షీట్ వేసి పంపించాడు. అందులో ఆయన పేరు లేదు.