జాతులు దాటి డీఎన్ఏకి అతుక్కునే ప్రొటీన్లు పోల్చాలంటే మోనోక్లోనల్ యాంటీబాడీలా, పాలీక్లోనలా?

ఒక ప్రొటీన్‌ని వెతికి పట్టుకునేది యాంటీబాడీ, ఒకే కణం సంతతి నుంచి వచ్చేది మోనోక్లోనల్, జంతువు రక్తంలోంచి తీసిన రకరకాల యాంటీబాడీల మిశ్రమం పాలీక్లోనల్. పిండంలో ప్రొటీన్ ఎక్కడ కనిపిస్తుందో చూడ్డానికైతే నా ఓటు మోనోక్లోనల్‌కే, కాకపోతే అది పట్టుకునే ముక్క జాతులన్నిటిలో మారకుండా ఉండాలి. 4డీ9 అనే మోనోక్లోనల్‌నే తీసుకోండి, ఫ్రూట్ ఫ్లై ప్రొటీన్ మీద చేసిన యాంటీబాడీ అది, కానీ పట్టుకునేది హోమియోడొమైన్‌ని, అంటే డీఎన్ఏకి అతుక్కునే భాగాన్ని, పరిణామంలో పెద్దగా మారంది అదే కదా, అందుకే 1989లో జీవశాస్త్రవేత్త నిపమ్ పటేల్ వాళ్ళు దీనొక్కదాంతోనే ఆర్థ్రోపాడ్‌లు (కీటకాల్లాంటివి), అనెలిడ్‌లు (వానపాముల్లాంటివి), కార్డేట్‌లలో (చేపల్లాంటివి) ఎన్‌గ్రెయిల్డ్ అనే కుటుంబం ప్రొటీన్లని చూపించగలిగారు. మిడత పిండంలో ప్రతి సెగ్మెంట్ వెనకవైపు చారలు, జీబ్రాఫిష్‌లో మిడ్‌బ్రెయిన్, హైండ్‌బ్రెయిన్ కలిసే చోట పట్టీ. జీనోమ్‌లు చేతిలో లేని రోజుల్లో ఇది నిజంగా గొప్ప పని!

పైగా హైబ్రిడోమా, అంటే మోనోక్లోనల్‌ని తయారుచేసే కణాల వరస, బతికున్నంతకాలం అదే యాంటీబాడీ వస్తుంది, పాలీక్లోనల్ అలా కాదు, ఆ కుందేలు పోతే ఆ సీరమ్ మళ్ళీ దొరకదు.

చిక్కెక్కడంటే మోనోక్లోనల్ పట్టుకునేది ఒకే ఎపిటోప్‌ని, అంటే ప్రొటీన్ మీద ఒక చిన్న ముక్కని, అందులో ఒక్క అమైనో ఆమ్లం మారినా మీ జీవిలో సిగ్నల్ రాకపోవచ్చు, అప్పుడు "ప్రొటీనే లేదు" అని రాసేస్తే తప్పు. పాలీక్లోనల్ చాలా చోట్ల పట్టుకుంటుంది కాబట్టి ఈ గండం తక్కువ. చిప్-సీక్‌కి, అంటే జీనోమ్‌లో ప్రొటీన్ ఎక్కడెక్కడ అతుక్కుందో చూసే పద్ధతికి, నేను అటే మొగ్గుతా, అందులో ప్రొటీన్‌ని డీఎన్ఏకి బిగించే ఫార్మాల్డిహైడ్ ఒక ఎపిటోప్‌ని కప్పేసినా మిగతావి ఉంటాయి. కానీ హోమియోడొమైన్ మొత్తం మీద చేయిస్తే చుట్టాల ప్రొటీన్లన్నీ వచ్చి పడతాయి, అఫినిటీ ప్యూరిఫికేషన్ (మీ ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీల్నే వేరుచేయడం) చేయకుండా నమ్మొద్దు.

ఇదంతా ఎందుకంత ముఖ్యమంటే, 2010లో మనిషి, ఎలుక, కుక్క, ఒపోసమ్, కోడి లివర్లలో జీన్లని నియంత్రించే సీఈబీపీఏ ప్రొటీన్ డీఎన్ఏ మీద ఎక్కడ అతుక్కుందో చూస్తే, చాలా చోట్లు ఏ జాతికా జాతివే, అది వెతుక్కునే డీఎన్ఏ మోటిఫ్ (చిన్న అక్షరాల వరస) మాత్రం దాదాపు ఒకటే. మోటిఫ్ కలిసిందంటే యాంటీబాడీ ప్రతి జాతిలో సరైన ప్రొటీన్‌నే పట్టుకుందన్నమాట, కాబట్టి తేడా జీనోమ్‌ది, యాంటీబాడీది కాదని ఎక్కువ ధైర్యంగా అనగలం, మీ డేటాలో కూడా మొదట చూడాల్సింది అదే.

రెండిట్లో ఏది వాడినా ప్రతి జాతిలో వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లని సైజుని బట్టి విడదీసి యాంటీబాడీ పట్టుకున్నది బ్యాండ్‌గా చూపించే పరీక్ష) విడిగా చేయండి, వీలైతే ఆ జీన్‌ని ఆర్ఎన్ఏఐతో (జీన్‌ని అణిచే పద్ధతి) తగ్గించి సిగ్నల్ పోతుందో లేదో చూడండి. బ్యాండ్ మందాన్ని బట్టి "ఈ జాతిలో ప్రొటీన్ ఎక్కువ" అని మాత్రం దయచేసి అనకండి, ఒక్కో జాతి ప్రొటీన్‌కి ఒకే యాంటీబాడీ ఒక్కోలా అంటుకోవచ్చు.