సిలికాన్ వృషణానికి అల్ట్రాసౌండ్: నమ్మొచ్చు, ఒక్క అంకెను తప్ప

టార్షన్ (వృషణం మెలితిరిగి రక్తం ఆగిపోవడం) వల్ల ఎడమ వృషణం తీసేసి, లోపల జెల్ ఉండే సిలికాన్‌ది పెట్టించుకుని ఏళ్లయింది. ఏమాత్రం లాగినట్టున్నా, బరువుగా అనిపించినా అల్ట్రాసౌండే నాకు దిక్కు. రేడియేషన్ లేదు, కడుపు మాడ్చుకోనక్కర్లేదు, నీళ్లు తాగి ఉగ్గబట్టుకుని కూర్చునే బాధ లేదు. చుట్టూ నీరు చేరినా, చీము పట్టినా, ఇంప్లాంట్ పైకి జరిగినా చాలావరకు పట్టేస్తుంది. ఇదొక్కటి చాలని అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి కూడా.

కిందటేడు రిపోర్ట్ చూశాక ఆ మాట కాస్త తగ్గించాను. మా యూరాలజిస్ట్ చీటీలో ఇంప్లాంట్ అని రాసిచ్చినా స్కాన్ చేసినాయన చూడలేదేమో, "ఎడమ వృషణంలో రక్తప్రసరణ లేదు" అని రాసిపెట్టాడు. సిలికాన్ ముద్దలో రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది బాబూ! దానికి నవ్వుకున్నాను గానీ, ముందు నుంచి వెనక్కి కొలత మాత్రం, ఇంప్లాంట్ వచ్చిన డబ్బా మీది సైజుకి దాదాపు ఒకటిన్నర రెట్లుంది. పగిలి ఉబ్బిందేమోనని ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

మర్నాడు ఇంకో సెంటర్‌లో మేడం స్క్రీన్ నావైపు తిప్పి చూపించారు. ఇంప్లాంట్ పక్కన సరిగ్గా ఉన్న కండ గీత, దాని వెనక్కి వచ్చేసరికి మెట్టు దిగినట్టు కిందికి పడింది. శబ్దం ఒంట్లో సెకనుకు 1540 మీటర్లు పోతుందని మెషీన్ లెక్క, సిలికాన్‌లోనేమో సుమారు 1000 మీటర్లే, అందుకని ప్రతిధ్వని ఆలస్యంగా వస్తుంది, మెషీన్ వెనక గోడ ఎక్కడో దూరంగా ఉందనుకుంటుంది. అడ్డంగా కొలిస్తే డబ్బా మీది సైజే వచ్చింది! పై పొర మడతను చూసి చిరుగు అనుకునేవాళ్లూ ఉన్నారట. నా నొప్పి మాత్రం బైక్ సీటు మార్చాక తగ్గింది.

లోపల ఉప్పునీరుండే సెలైన్ రకం వాళ్లకి ఈ సైజు గోల ఉండదు. రెండో వృషణాన్ని కూడా అదే సిట్టింగ్‌లో చూసేస్తారు కాబట్టి నాకిది గిట్టుబాటు. పగిలిందన్న అనుమానం గట్టిగా ఉంటే మాత్రం ఎమ్మారై అడుగుతారు, జ్వరం, ఎర్రదనం ఉంటే స్కాన్ కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. ఇప్పుడు డబ్బా స్టిక్కర్ ఫొటో ఫోన్‌లోనే ఉంటుంది, జెల్లీ రాయకముందే "ఎడమది సిలికాన్ సార్" అని చెప్పేస్తున్నా.