1984 అంబాసిడర్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ సైలెన్సర్ పైపు: ఏడేళ్ల వాడకం తరువాత

హనుమకొండలో మా ఇంటి ముందు నిలిచే 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4 పెట్రోలు కారుకు 2018 డిసెంబరులో మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒక పైపులోకి చేర్చే భాగం) కింది నుంచి వెనక బంపరు దాకా ఉన్న పైపు, సైలెన్సర్ మొత్తం తీయించి, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో కొత్తవి చేయించాను. అప్పటి నుంచి దాదాపు ఏడేళ్లు గడిచాయి, బండి 31,000 కిలోమీటర్లు తిరిగింది. పాత కార్లున్నవాళ్లు కలిసినప్పుడల్లా నన్ను మొదట అడిగేది ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) పైపు ఎన్నేళ్లు ఆగుతుందని. పైపు ఇంతవరకు ఎక్కడా తుప్పు పట్టలేదు, పట్టే సూచన కూడా కనిపించడం లేదు. నాకు వచ్చిన ఇబ్బందులన్నీ అతుకుల దగ్గర, వేలాడదీసిన తీరులో, మొదట ఎంచుకున్న సైలెన్సర్ డబ్బాలో వచ్చాయి కాబట్టి వాటి గురించే వివరంగా రాస్తున్నాను.

ఈ కారును మా బాపు 1991లో రెండో చేతి మీద కొన్నారు. అప్పటి నుంచి మామూలు ఇనుప పైపులే వేయిస్తూ వచ్చాం; రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి సైలెన్సర్ డబ్బా అడుగు ఊడిపోయేది. దానికి కారణం మా వాడకంలోనే ఉందని చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దూర ప్రయాణంలో సైలెన్సర్ బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది కానీ, ఇంటి నుంచి కాజీపేట స్టేషనుకు, అక్కడి నుంచి ఇంటికి తిరిగే బండిలో అది చల్లటి డబ్బా లోపలే నీరుగా మారి అడుగున నిలుస్తుంది. బయట ఎంత రంగు వేయించినా ప్రయోజనం లేకపోవడానికి కారణం ఇదే, తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది.

మార్చక తప్పని పరిస్థితి మాత్రం 2018 దసరా సెలవుల్లో వచ్చింది. ములుగు మీదుగా లక్నవరం వెళ్తుండగా వెనక సీటులో కూర్చున్న మా ఆవిడకు, పిల్లలకు ఒకేసారి తలనొప్పి మొదలైంది, అద్దాలన్నీ దించి నడిపితే తగ్గింది. మరునాడు కింద పడుకుని చూస్తే ముందు పైపు అతుకు దగ్గర చిటికెన వేలు పట్టేంత రంధ్రం, దానికి సరిగ్గా పైన కాళ్ల కింది రేకులో తుప్పు తిన్న చీలిక కనిపించాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మనకు తెలిసే పొగ వాసన వేరే పదార్థాలది; అది లేనంత మాత్రాన విషవాయువు లేదనుకోకూడదు. పాత కారు నడిపే ప్రతివారూ సైలెన్సర్‌తో పాటు కాళ్ల కింది రేకును కూడా పరీక్షించుకోవాలని వేడుకుంటున్నాను. నేను పైపు కంటే ముందు ఆ రేకు వెల్డింగే చేయించాను.

పాత పైపు విప్పడానికే ఒక రోజంతా పట్టింది. ఈ కారులోని 1489 సీసీ ఇంజను బ్రిటిష్ బీఎంసీ సంస్థ బీ సిరీస్ ఇంజను, దీనికి సిలిండర్లు నాలుగైనా పొగ బయటికి వచ్చే దారులు మూడే. మధ్యలోని రెండు సిలిండర్ల పొగ ఒకే దారి గుండా వస్తుంది, కనుక వేడి అక్కడ ఎక్కువగా ఉంటుంది. పైగా గాలి లోపలికి పోయే మానిఫోల్డ్, పొగ బయటికి వచ్చే మానిఫోల్డ్ రెండూ ఇంజనుకు ఒకే పక్కన ఉంటాయి. మా బండిలో ఇంజనుకు, మానిఫోల్డ్‌కు మధ్య పొగ కారకుండా ఉండే గ్యాస్కెట్ మధ్య దారి దగ్గరే కాలిపోయి ఉంది. పొద్దున చల్లటి ఇంజను తిప్పగానే వినిపించి, వేడెక్కాక మాయమయ్యే టిక్ టిక్ చప్పుడును నేను చాలాకాలం వాల్వుల చప్పుడని అనుకున్నాను, అది ఈ లీకు చప్పుడు. స్టడ్ బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచినా ఒకటి విరిగింది, దాన్ని డ్రిల్లుతో తీసి మళ్లీ మరలు కోయించాల్సి వచ్చింది. ఈసారి ఇత్తడి నట్లు వేయించాను, ఏడేళ్ల తరువాత కూడా అవి మామూలు పానాతో విడివడుతున్నాయి.

పైపు లావు విషయంలో మేస్త్రీకి, నాకు చాలాసేపు చర్చ జరిగింది. "సారూ, రెండంగుళాల పైపు పెడితే బండి మస్తు గుంజుతది, సప్పుడు గూడ బుల్లెట్ లెక్క ఉంటది" అని ఆయన అన్నారు. "నాకు సప్పుడు వద్దు మేస్త్రీ, పాత పైపు కొలత ఎంతుందో అంతే పెట్టు" అని నేను పట్టుబట్టాను. ఈ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. నెమ్మదిగా తిరిగే ఈ ఇంజనుకు పైపు లావైతే తక్కువ వేగంలో లాగే గుణం తగ్గుతుంది, పైగా వెనక ఇరుసు మీదుగా పోయే వంపు దగ్గర కమాన్ పట్టీలకు (లీఫ్ స్ప్రింగులకు), పైపుకు మధ్య ఉన్న కాస్త ఖాళీ కూడా మిగలదు. వంపుల విషయంలో మాత్రం నేను అశ్రద్ధ చేశాను. లోపల ఆధారం లేకుండా యంత్రంతో నొక్కి వంచడం వల్ల ఇరుసు పైన వంపు కాస్త చప్పబడింది. మరోసారి చేయించేటట్లయితే గుండ్రం చెడకుండా వంచిన ముక్కలు తెప్పించి అతికిస్తాను.

మొదటి దెబ్బ 2020 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు వెళ్తుండగా తగిలింది. పస్రా దాటాక బండ్ల వరుసలో గంటల తరబడి ఒకటో గేరులో నడిచిన తరువాత హఠాత్తుగా చప్పుడు పెరిగింది. సమ్మక్క-సారలమ్మల దర్శనం చేసుకుని, అదే చప్పుడుతో ఇల్లు చేరాం. కింద చూస్తే సైలెన్సర్ వెనక వెల్డింగు పక్కనే పైపు సగం చుట్టూ చీలి ఉంది. తప్పులు రెండు జరిగాయి, రెంటినీ నేను మొదటి రోజే పట్టుకోగలిగి ఉండేవాణ్ని.

మొదటిది బిగింపు. పని చేసిన షెడ్డులో తోక పైపును ఇనుప పట్టీతో ఛాసిస్‌కు గట్టిగా బిగించారు. 304 రకం స్టీలు ఒక మీటరు పొడవుకు, 100 డిగ్రీల వేడికి, సుమారు 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. మామూలు ఇనుము అయితే 1.2 మిల్లీమీటర్లే. మూడు మీటర్ల పైపు సగటున 300 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే 15 మిల్లీమీటర్ల సాగుదల ఎక్కడో ఒకచోట ఇమడాలి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని అటూ ఇటూ ఊగుతుంది కనుక ఆ ఊపు కూడా పైపు మీదికే వస్తుంది. రెండు కొసలూ కదలకుండా బిగిస్తే భారమంతా అతి బలహీనమైన వెల్డింగు మీద పడుతుంది. ఇనుప పైపుకు పనికివచ్చిన బిగింపు ఎస్‌ఎస్ పైపుకు పనికిరాదన్న విషయం నాకు చీలిన పైపే నేర్పింది.

రెండవది వెల్డింగు. అతుకుకు గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు పట్టిస్తూ చేసే ఆర్గాన్ వెల్డింగు అయితే చాలని నేను అనుకున్నాను. స్టెయిన్‌లెస్ పైపును అతికేటప్పుడు బయటివైపుకే కాక పైపు లోపలికి కూడా ఆర్గాన్ పట్టించాలి, లేకపోతే వెల్డు లోపలివైపు గాలి తగిలి మాడి, నల్లగా గరుకుగా గడ్డకడుతుంది. చీలిన చోట కోసి చూస్తే సరిగ్గా అదే కనిపించింది. రెండోసారి పాల ట్యాంకుల పని చేసే ఒక వెల్డరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పైపు రెండు కొసలూ మూసి, లోపల గ్యాసు నింపి అతికారు. ఆ అతుకులకు ఐదేళ్లు దాటినా ఇంతవరకు ఏమీ కాలేదు. పని ఇచ్చేముందు వెల్డరును అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే: లోపల గ్యాసు పడతారా?

ఇనుప పట్టీల స్థానంలో రబ్బరు హ్యాంగర్లు వేయించాను. బజారులో దొరికినవి ఏడాదిలోపే పగిలాయి. ఆ తరువాత పాత సామాను దుకాణంలో బొగ్గు గనుల కన్వేయర్ బెల్టు ముక్కలు దొరికితే, వాటిని పట్టీలుగా కోయించి రంధ్రాలు వేయించాను. లోపల గుడ్డ పొరలు ఉండటం వల్ల అవి తెగవు, పైపు కదలడానికి కావలసినంత వంగుతాయి. సింగరేణి ప్రాంతానికి దగ్గరగా ఉన్న మనకు ఇవి తేలికగానే దొరుకుతాయి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసిన వస్తువు ఇదే.

ఇక సైలెన్సర్ డబ్బా. మొదట పెట్టించినది సూటి రకం. నడుమ రంధ్రాల గొట్టం, దాని చుట్టూ గాజు నూలు. కొత్తలో గొంతు గంభీరంగా, హాయిగా ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి నూలు కొంత కాలి, కొంత పొగతో పాటు బయటికి కొట్టుకుపోయి, గంటకు 60 నుంచి 65 కిలోమీటర్ల మధ్య కారు లోపల గుంయ్‌మనే మోత మొదలైంది. ఈ ఇంజను నిమిషానికి 2,500 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు సుమారు 83 పేలుళ్లు జరుగుతాయి, ఆ లోతైన మోతను అణచడం పలుచటి నూలు పొరకు సాధ్యం కాదు. జనగామ దాకా వెళ్లి వచ్చేసరికి చెవులు బరువెక్కేవి. 2022లో దాన్ని తీసేసి, లోపల అడ్డు పలకలతో గదులుగా విభజించిన పాత పద్ధతి డబ్బాను ఎస్‌ఎస్‌తోనే చేయించాను. ఇప్పుడు బండి నా చిన్ననాట విన్న అంబాసిడర్‌లా, కాస్త గరగరతో, నిమ్మళంగా మాట్లాడుతుంది. కుటుంబంతో దూరం వెళ్లేవారికి సూటి రకాన్ని నేను సిఫారసు చేయను.

కొత్త డబ్బా వెనక కొసన, అడుగున, 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయించాను, నీరు అందులోంచి కారిపోతుంది. దాని విలువ 2023 జూలై చివరి వానల్లో తెలిసింది. హనుమకొండలో చాలా కాలనీలు మునిగినప్పుడు మా వీధిలోనూ మోకాలి లోతు నీళ్లు నిలిచి, తోక పైపు పూర్తిగా మునిగింది. నీళ్లు తీసిన తరువాత రెండు రోజులు ఇంజను తిప్పకుండా ఉంచి, ముందు అతుకు విప్పి, మిగిలిన నీటిని, బురదను కడిగించాను. పాత ఇనుప డబ్బా అయి ఉంటే ఆ ఒక్క వానకే దాని పని అయిపోయేది.

కాలుష్య పరీక్షలో జరిగింది కూడా చెప్పాలి. లీకులున్న రోజుల్లో మా బండి కార్బన్ మోనాక్సైడు 2.4 శాతం చూపించేది, ఇంత పాత పెట్రోలు కార్లకు పరిమితి 3 శాతం. లీకులన్నీ మూసిన తరువాత అది 3.4కు పెరగడంతో నేను కంగారుపడ్డాను. అంతకుముందు రంధ్రాల గుండా లోపలికి వచ్చిన బయటి గాలి పొగను పలుచన చేసి అంకెను తగ్గించి చూపింది, కొత్త పైపు అసలు అంకెను బయటపెట్టింది. కార్బురేటరు సరిచేయించాక 2.1కి వచ్చింది. యాక్సిలరేటరు వదిలినప్పుడు వెనక వచ్చే పటపట పేలుళ్లు కూడా లీకులతో పాటే పోయాయి.

ఖర్చు మొదట 17,500 రూపాయలు, రెండోసారి వెల్డింగుకు, హ్యాంగర్లకు 3,200, కొత్త డబ్బాకు 6,800. మైలేజీ లీటరుకు 9 నుంచి 10 మధ్యకు చేరింది, అయితే అందులో కార్బురేటరు వాటా కూడా ఉంది కాబట్టి పైపుకే ఆ పేరు ఇవ్వలేను. బలం పెరిగిందని నాకు అనిపించలేదు. రోజూ దూరం తిరిగే బండికి మంచి ఇనుప పైపు కూడా బాగానే ఆగుతుంది. వారానికోసారి బయటికి తీసే బండికైతే ఎస్‌ఎస్ డబ్బు పూర్తిగా గిట్టుబాటు అవుతుంది.

తోక పైపు కొసన గోధుమరంగు మరకలు ఉన్నాయి, చేత్తో రుద్దితే పోతాయి. ఇప్పుడు మిగిలినది ముందు పైపు జారుడు అతుకు దగ్గరి సన్నని లీకు. పొద్దున్నే చల్లటి ఇంజను తిప్పించి, తోక పైపుకు తడిగుడ్డ అడ్డుపెడితే అక్కడ సుయ్‌మని వినిపిస్తోంది. వెడల్పాటి పట్టీ క్లాంపు తెప్పించి ఉంచాను, ఈ ఆదివారం పాతది విప్పి దాన్ని బిగిస్తాను.