మెడ కింద ఖాళీ: పాత వాయిద్యాల పార్శిళ్లతో పన్నెండేళ్లు

పాత వాయిద్యాలు కొనడం, కొన్నాళ్లు వాయించి మళ్లీ అమ్మేయడం నాకు పన్నెండేళ్ల అలవాటు. వెళ్లినవీ వచ్చినవీ కలిపి ఇప్పటికి ముప్పై ఎనిమిది పార్శిళ్లు. ఎక్కువ భాగం గిటార్లే. ఆరు వయోలిన్లు, రెండు కీబోర్డులు, ఒక మాండొలిన్. అటువైపు ఉన్నవాళ్లు కూడా నాలాంటి మామూలు మనుషులే, దుకాణదారులు కారు. వీటిలో నాలుగు దెబ్బతిన్నాయి. విచిత్రమేమిటంటే ఆ నాలుగింటిలో ఒక్కదానికీ బయటి అట్టపెట్టె మీద చిన్న సొట్ట కూడా లేదు.

మొదటిది నేను కొన్న ఎలక్ట్రిక్ గిటార్. గట్టి కేసులో పెట్టి, కేసు చుట్టూ బబుల్ ర్యాప్ ఐదారు వరసలు చుట్టి, అట్టపెట్టె అంచులన్నిటికీ టేపు వేసి పంపారు అమ్మినాయన. విప్పడానికే ఇరవై నిమిషాలు పట్టింది. మూత ఎత్తేసరికి తీగలన్నీ వదులై మెలికలు తిరిగి ఉన్నాయి. మెడ వెనక వేలితో తడిమితే, పై చివర దగ్గర వెంట్రుకంత గీత తగిలింది. హెడ్‌స్టాక్‌ను, అంటే బిరడాలుండే తల భాగాన్ని, కాస్త కదిపితే ఆ గీత నోరు తెరిచింది. ఫోన్ చేసి చెబితే ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అంత బాగా చుట్టాను కదండీ" అన్నారు. చుట్టారు, కాదనను. కానీ ఆ చుట్టిందంతా కేసుకే. లోపల గిటార్ మెడ గాల్లోనే ఉంది.

సాధారణంగా కేసు గిటార్‌ను పట్టుకునేది రెండు చోట్లే: బాడీ దగ్గర, మెడ మధ్యలో. హెడ్‌స్టాక్ కింద ఏమీ ఉండదు. కేసు వెల్లకిలా పడితే బాడీ టక్కున ఆగిపోతుంది. ఆరు లోహపు బిరడాలు మోస్తున్న హెడ్‌స్టాక్ మాత్రం ఆగదు, తన ఊపులో తాను ముందుకు పోతుంది. హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉండే రకాల్లో సరిగ్గా ఆ వంపు దగ్గరే చెక్క ఈనెలు పొట్టిగా తెగి ఉంటాయి. చాలా వాటిలో ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) బిగించే గుంత తొలిచేది కూడా అక్కడే. విరగడానికి ఇంతకంటే అనువైన చోటు మరొకటి దొరకదు. హెడ్‌స్టాక్ మెడతో సమానంగా ఉండే రకాలు ఇంత తేలిగ్గా విరగవు.

పెట్టె మీద 'జాగ్రత్త' అని ఎర్ర అక్షరాలతో రాస్తే సరిపోతుందనుకునేవాళ్లకు ఒక మాట. పార్శిళ్ల పరీక్షకు వాడే ఇస్టా 1ఏ పద్ధతిలో తొమ్మిదిన్నర కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు కింద పడేస్తారు: ఒకసారి మూల మీద, మూడుసార్లు అంచుల మీద, ఆరుసార్లు పక్కల మీద. పెట్టె పడుతుందన్నది అందరికీ తెలిసిన విషయమే అన్నమాట. అందుకే నేనిప్పుడు స్టిక్కర్లు అంటించడం మానేశాను. పాత తువ్వాలు మడిచి మెడ పై భాగం కింద, పక్కల, పైన కూరుస్తాను. మూత వేస్తే అది తువ్వాలును మెత్తగా అదమాలి, హెడ్‌స్టాక్ కొసకు మాత్రం ఏదీ గట్టిగా తగలకూడదు. తర్వాత కేసును నిలబెట్టి ఊపి చెవి పెట్టి వింటాను. చిన్న చప్పుడు వినిపించినా మళ్లీ తెరుస్తాను. రెండో నష్టం నాకు నేర్పిన పాఠం ఇది. కేసులోని చిన్న అరలో ఒక కాపో, అంటే మెడ మీద తీగలను నొక్కిపట్టే క్లిప్పు, మరిచిపోయి పంపాను. దారిలో అర మూత ఊడి, ఆ ఇనుప ముక్క గిటార్ పక్కచెక్కను ఎన్నిసార్లు పొడిచిందో లెక్క లేదు. కొన్నాయనకు సగం డబ్బు వెనక్కి ఇచ్చాను.

తీగలు పూర్తిగా వదులు చేయాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ తెగదు. అకూస్టిక్ గిటార్‌కు వేసే సన్న ఉక్కు తీగల సెట్టు మెడను 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతుంది. ఆ లాగుడుకు ఎదురుగా లోపల ట్రస్ రాడ్ పనిచేస్తుంటుంది. అందుకే నేను ఒకటి రెండు స్వరాలు దించి ఆపుతాను. వయోలిన్‌కు మరీ జాగ్రత్త కావాలి. దాని లోపల సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర జిగురు లేకుండా కేవలం ఒత్తిడితోనే నిలబడుతుంది. నా మూడో నష్టం ఇక్కడే: ఒకసారి నాకు తీగలన్నీ విప్పేసిన వయోలిన్ వచ్చింది. చేతిలో కొద్దిగా వంచగానే లోపల పెన్సిల్ దొర్లిన చప్పుడు. తీగలను మోసే బ్రిడ్జి కేసు మూలలో దొరికింది. అప్పటి నుంచి వయోలిన్ తీగల్లో సగం బిగువు ఉంచమంటాను. తీగల కింది కొసలు పట్టుకునే టెయిల్‌పీస్ కింద మెత్తటి గుడ్డ పెట్టమంటాను. బో (వయోలిన్ వాయించే కమాను) వెంట్రుకలు వదులు చేసి, బోను విడిగా చుట్టమంటాను. అది గనక కేసులో ఊడిందంటే వయోలిన్ ముఖాన్నే గీకుతుంది.

ఇక ఖర్చు. కొరియర్ వాళ్లు అసలు బరువునే కాదు, పెట్టె పరిమాణాన్ని కూడా లెక్కగడతారు. 120×45×20 సెంటీమీటర్ల పెట్టె ఘనపరిమాణాన్ని చాలాచోట్ల వాడే 5000తో భాగిస్తే 21.6 కిలోలు; డబ్బు కట్టేది దానికే. లోపల ఉన్నది ఏడు కిలోలే అయినా సరే. ఈ లెక్క ముందే చెప్పుకోకపోతే తర్వాత ఇద్దరి మధ్య మాటా మాటా పెరుగుతుంది. మెడ స్క్రూలతో బిగించిన గిటార్ అయితే మెడ విప్పి బాడీ పక్కన పెట్టి పంపవచ్చు. పెట్టె పొడవు బాగా తగ్గుతుంది, విరిగే భయమూ పోతుంది. నా దృష్టిలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ అమ్మేవాళ్లలో పదిమందికి ఒక్కరు కూడా స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి ఒప్పుకోరు.

నన్ను బాగా నిరాశపరిచింది బీమా. విలువ ప్రకటించడం వేరు, బీమా చేయడం వేరు. బీమా పత్రంలో మినహాయింపుల జాబితా చదివితే వాయిద్యాలు అందులోనే కనిపించిన సందర్భాలున్నాయి. దేశాల మధ్య విమానంలో వెళ్లే సరుకుకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, విలువ ప్రత్యేకంగా ప్రకటించి అదనపు రుసుము కట్టకపోతే, నష్టపరిహారం కిలోల లెక్కనే: 2024 డిసెంబరు 28 నుంచి కిలోకు గరిష్ఠంగా 26 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్). ఎంత విలువైన వయోలిన్ అయినా తేలికగా ఉండటమే దాని నేరం. దెబ్బతిన్నట్టు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి అందుకున్నాక 14 రోజులే గడువు. నేను రెండుసార్లు పరిహారం అడిగాను. ఒకరు 'ప్యాకింగ్ సరిపోలేదు' అని తిప్పికొట్టారు. మరొకరు ఐదు నెలలు నానబెట్టి ఇచ్చారు. అందుకే ఇప్పుడు డబ్బు పంపకముందే, విరిగితే ఎవరు భరించాలో రాసుకుంటాం. కేసు మూత తెరిచి తీసిన ఫొటో, సీరియల్ నంబరు ఫొటో కూడా అడుగుతాను. "ఇరవై అమ్మానండీ, ఇలా ఎవరూ అడగలేదు" అని ఒకాయన విసుక్కున్నారు. ఆ బేరం అక్కడితో వదిలేశాను.

సరిహద్దులు దాటేటప్పుడు చెక్క కూడా చూసుకోవాలి. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో రోజ్‌వుడ్ జాతులన్నీ 2017 జనవరి 2న అనుమతుల పరిధిలోకి వచ్చాయి. తయారై పూర్తయిన వాయిద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు ఇచ్చారు. 1992 నుంచి మరింత కఠినమైన జాబితాలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం అది వర్తించదు. ఆ చెక్క ఉన్నదాన్ని నేను పార్శిల్‌లో తెప్పించుకోను.

నాలుగో నష్టానికి బాధ్యుణ్ని నేనే. చలిలో ప్రయాణించి వచ్చిన, లాకర్ అనే పాలిష్ పూసిన పాత గిటార్‌ను ఆత్రం కొద్దీ వెచ్చటి గదిలో వెంటనే తెరిచాను. టిక్, టిక్ మంటూ కళ్లముందే పాలిష్ మీద సాలెగూడులా గీతలు పాకాయి. ఇప్పుడు పెట్టె రాగానే ఒక రోజంతా అలాగే వదిలేస్తాను. ఆ రోజు ఎంత నెమ్మదిగా గడుస్తుందో చెప్పలేను.

ఈ మధ్య, ఐదేళ్ల కిందట నేను అమ్మిన గిటారే మూడో మనిషి దగ్గర అమ్మకానికి కనిపిస్తే మళ్లీ కొన్నాను. ఒక రోజు ఆగి కేసు తెరిచాను. మెడ కింద నా పాత నీలం తువ్వాలు, నేను మడిచిన మడతలోనే ఉంది.