క్రిస్మస్ పాకకు మంచు పొడి: ప్యాకెట్ కన్నా ముందు నీళ్ళు చూసుకోండి

డిసెంబరు రాగానే బెజవాడ బీసెంట్ రోడ్డులో నక్షత్రాలు, సీరియల్ సెట్ల పక్కన మంచు పొడి ప్యాకెట్లు వేలాడతాయి. పశువుల పాక అలంకరణకు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. దూదికి నిప్పు భయం ఉంది. థర్మోకోల్ గుళికలు ఫ్యాను వేస్తే ఇల్లంతా ఎగిరి బట్టలకు అతుక్కుంటాయి. ఈ పొడితో ఆ రెండు బాధలూ లేవు, పైగా చూడ్డానికి అచ్చం మంచులాగే ఉంటుంది.

లోపలున్నది సోడియం పాలీఅక్రిలేట్. పిల్లల డైపర్లలో తడిని పీల్చేదీ ఈ జాతి పదార్థమే. అయితే డైపర్ రకం నీళ్ళు తాగి జిగురు ముద్దవుతుంది. మంచు రకం పలుకులు కొన్ని సెకన్లలోనే విడివిడిగా ఉబ్బి, తెల్లగా పొడిపొడిగా పైకి పొంగుతాయి. మొక్కల మట్టిలో కలిపే జెల్‌ను మంచు పొడి పేరుతో అంటగట్టే వాళ్ళూ ఉంటారు. తడిపితే అది సగ్గుబియ్యంలా పారదర్శకంగా తేలుతుంది. ముందు ఒక చిటికెడు గ్లాసులో వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

"పొడి పొంగలేదు, డబ్బులు దండగ" అని తిట్టుకునే వాళ్ళలో చాలామంది కలిపింది బోరు నీళ్ళు. నీళ్ళలోని కాల్షియం, ఉప్పు ఆ పలుకుల్ని సరిగా ఉబ్బనివ్వవు. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డుకి తెల్ల పొర కట్టే నీళ్ళయితే మంచు సరిగా రాదు, నీరు తేలిన తడి గుజ్జు మిగలొచ్చు. క్యాన్ నీళ్ళు, ఆర్వో నీళ్ళు వాడండి. అదే ప్యాకెట్ అప్పుడు ఎంత పొంగుతుందో మీరే చూస్తారు.

కొలత: 10 గ్రాముల పొడికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్ళు. వెడల్పాటి టబ్బులో పొడిని పల్చగా పరిచి నీళ్ళు ఒక్కసారిగా అంతటా పడేలా పోయాలి. ఒకే చోట ధారగా పోస్తే అక్కడ ముద్ద కడుతుంది, పక్కన పొడి పొడిగానే ఉండిపోతుంది. ముందు 250తో ఆపి, చేత్తో పైకి కిందికి తిరగేసి, పలుకులు గట్టిగా తగిలితేనే మిగతాది చిలకరించండి. ఎక్కువైన నీటిని వెనక్కి తీయలేం, ఇంకాస్త పొడి కలుపుకోవాల్సిందే. పొడి వేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము గొంతులో గరగరలాడుతుంది.

ప్యాకెట్ మీద బొమ్మ చూసి కాకుండా బరువు చూసి కొనాలి. రెండడుగులకు మూడడుగుల పాకలో అరంగుళం మందాన పరచాలంటే సుమారు ఏడు లీటర్ల మంచు కావాలి, అంటే 140 గ్రాముల దాకా పొడి. కొండలు, గట్లు ముందు థర్మోకోల్ షీటుతో కట్టేసి పైన పల్చగా చల్లితే అందులో సగం సరిపోతుంది.

ఈ మంచులో ఎక్కువ భాగం నీళ్ళే, ఆ సంగతి మరవకూడదు. వరిగడ్డి మీద నేరుగా చల్లితే గడ్డి ముక్కిపోయి వాసన వస్తుంది. ప్లాస్టర్ బొమ్మల అడుగు నాని రంగు ఊడుతుంది. కింద ప్లాస్టిక్ షీటు పరిచి, బొమ్మల కింద అట్టముక్క పెట్టండి. సీరియల్ సెట్ వైర్లను ఇందులో పూడ్చొద్దు, అతుకుల దగ్గర షాక్ కొడుతుంది. లైట్లు కప్పు నుంచి వేలాడదీయడమే మేలు. ఫ్యాను గాలికి రెండు మూడు రోజుల్లో ఆరి కుంగుతుంది. స్ప్రే బాటిల్‌తో ఆర్వో నీళ్ళు కొట్టండి, మళ్ళీ లేస్తుంది.

ఫంక్షన్ హాళ్ళలో డెకరేషన్ వాళ్ళు "మంచు కురిపిస్తాం" అంటే అది నురగ మెషిన్. అసలు మంచు కురిపించే యంత్రాలు నీటిని తుంపరగా చేసి గాలిలోకి చిమ్ముతాయి. ఆ తుంపర గడ్డకట్టాలంటే తడి బల్బు ఉష్ణోగ్రత (గాలిలో తేమను కూడా లెక్కలోకి తీసుకునే కొలత) దాదాపు సున్నాకి రెండు డిగ్రీల కిందన్నా ఉండాలి. బెజవాడ డిసెంబరు చలికి అది అయ్యే పని కాదు. నురగ మెషిన్ ఫొటోలకు బాగుంటుంది గానీ గ్రానైట్ స్టేజీ మీద సబ్బు పొర కట్టి కాలు జారుతుంది, పట్టుచీరల మీద మరకలు పడొచ్చు. పెడితే పది అడుగుల ఎత్తున పెట్టించి, కింద కార్పెట్ వేయించండి. మెషిన్‌కి దాని ద్రావణమే పోయమనండి, ఇంట్లో సబ్బు కలిపితే మంచు రేకుల్లాంటి నురగకు బదులు పెద్ద బుడగలు వస్తాయి. డబ్బాలో వచ్చే స్నో స్ప్రేలో మండే గ్యాసు ఉంటుంది కాబట్టి కొవ్వొత్తుల దగ్గర అస్సలు కొట్టొద్దు.

పండగ అయ్యాక పొడితో చేసిన మంచును బాత్రూం తూములో పోయకండి, లోపల ఇంకా ఉబ్బి పైపు మూసుకుపోతుంది. షీటు మీదే ఎండనిచ్చి చేటకెత్తి డబ్బాలో దాచితే వచ్చే ఏటికి పనికొస్తుంది. నేల మీద పడ్డ తడి పలుకులు చీపురుకి చిక్కవు, అరికాలికి జారతాయి. వాటి మీద గుప్పెడు ఉప్పు చల్లి కాసేపు ఆగితే నీరొదిలి కుంగిపోతాయి, అప్పుడు గుడ్డతో ఎత్తేయొచ్చు.